ఒడ్డెక్కిన నాచు

గోదావరిఖనిలో ఒక బొగ్గుగని కార్మికుడి క్వార్టరు. మొదటి షిఫ్టు దిగి వచ్చిన బిక్షం మోకాళ్లకు మందు రాసుకుంటున్నాడు. పక్కన సంతకం కాని ఒక కాగితం. ఎదురుగా తొమ్మిదో తరగతి చదివే కూతురు మమత, ఒళ్లో సైన్సు పుస్తకం. వంటింట్లో మమత తల్లి.

“...వింటున్నవా బాపు? అప్పుడు నేల మీద ఒక్క చెట్టు లేదు. ఉత్త బండలే. నాచంత నీళ్లల్లనే ఉంటుండె.”

“వింటున్న. చదువు.”

“చదువుడు కాదు, అప్పజెప్తున్న. అడుగు ఏదన్న.”

“ఏమడగాలె? నీళ్లల్ల సల్లగ ఉన్నదాన్ని ఒడ్డుకు ఎవడు రమ్మన్నడు?”

“ఎవలు రమ్మనలే. నీళ్లు తగ్గినయి. ఉన్నకాడ ఉంటె ఎండిపోతది.”

“ఒడ్డుకొస్తె ఎండదా? మన ఎండ సంగతి తెల్వదా దానికి?”

“అందుకే ఒంటికి మైనం లెక్క పూత పూసుకున్నది. లోపటి తడి బయటికి పోకుండ.”

“మరి గాలి?”

“సన్న సన్న తూట్లు. కావాల్నంటె తెరుసుడు, వద్దంటె మూసుడు.”

“హుషారే ఉన్నది. ఒక్క దినంల నేర్సిందా?”

“ఒక్క దినమా! కోట్ల ఏండ్లు పట్టింది.”

“సూడు మల్ల! దానికి కోట్ల ఏండ్లు. నాకేమో రేపు పొద్దుగాల సంతకం పెట్టియ్యాల్నట.”

“ఏం సంతకం?”

“ఏం లేదు. నువ్వు అప్పజెప్పు.”

“డాక్టరు సారు రాసిన కాయితమేనా? బొగ్గుబాయిల దిగద్దు, మీద ల్యాంపు రూముల డ్యూటీ అని...”

“పుస్తకంల ఉన్నదా అది?”

“లేదు.”

“మరి? పాతికేండ్లు బాయిల చేసినోన్ని. మీద కూసోని టోపీ ల్యాంపులు పంచుతుంటె పోరగాండ్లు నవ్వరా? మీద పని నాకేం తెలుసు? తోడెవలున్నరు?”

“నాచుకు వేర్లు గూడ లేకుండె బాపు. బూజు తోడైంది.”

“బూజా?”

“ఆఁ. బూజు బండలకెళ్లి సత్తువ తీసిచ్చె, ఇది దానికి తిండి పెట్టె. ల్యాంపు రూముల నీకు అలీముద్దీన్ కాక లేడా?”

“అలీముద్దీన్‌ను బూజంటవా! వింటె తంతడు నిన్ను.”

“నవ్వినవ్, నవ్వినవ్!”

“నవ్వలే. ఒడ్డెక్కి ఏం బాగుపడ్డది నాచు?”

“అడవులైంది. ఆ అడవులే మట్టి కింద పడి బొగ్గైనయి. అది ఎక్కకుంటె నువ్వు దిగెటానికి బాయే లేకుండె బాపు.”

“మీ అవ్వ నేర్పిందా ఇదంత?”

“అవ్వకు నాచు సంగతేం తెలుసు? పుస్తకంల ఉన్నది.”

“నిన్న బాయిల ఎదురు బాట ఎక్కంగ మోకాలు పట్టేసింది బిడ్డా. చీకట్ల ఒక్కన్నే కూలవడ్డ. మస్తు భయమైంది. ఎవలకు జెప్పలే.”

“నాకు జెప్పినవ్ గద.”

“...ఆ పెన్ను ఇటియ్యి.”

“ఇగో.”

“ఆఁ, పెట్టిన సంతకం. ఇగ నువ్వు మంచిగ రాయాలె. పాఠం మొత్తం వచ్చింది నీకు. రేపే గద సైన్సు పరీక్ష?”

“రేపు లెక్కలు బాపు. సైన్సు పోయిన సోమారమే అయిపాయె.”