సీఈసీలో రెండో మనిషి

"మామ్మా, మా క్లాసు పిల్లలంతా ఎంపీసీయే రాసేరు. నాకేమో హెచ్ఈసీ తీసుకోవాలనుంది. ఒక్కదాన్నే అయిపోతానేమో మామ్మా."

అదేటే, అంత నీరసంగా అడుగుతన్నావు? ఇలా వచ్చి కూకో. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పు. హెచ్ఈసీ అంటే చరిత్ర, ఎకనామిక్సు, సివిక్సు. అవునా? సూసేవా, నాకు తెలుసు. అయిదో తరగతితో బడి మాన్పించేసిన దాన్ని నాకెలా తెలుసని అనుకుంటన్నావేమో. అడిగి అడిగి తెలుసుకున్నాను. నాకు అడగడానికి సిగ్గు లేదమ్మా. మీ తాత అనీవోడు, రోజుకో మనిషిని పట్టుకుని ప్రశ్నలేస్తే గాని నీకు అన్నం సయించదే అని.

నీకు నూకరత్నం సంగతి సెప్తానుండు. నువ్వప్పుడు ఆరో తరగతి. కాదు, రాష్ట్రం రెండయిన మరుసటేడు కదా, ఏడులోకి వచ్చేవు. అరసవల్లి రోడ్డులో మన కొట్టు అప్పుడెలా ఉండీదో గుర్తుందా? ఓ పక్క వల దారం, తాళ్ళు, వలకి కట్టే బెండ్లు. ఇంకో పక్క నోటుబుక్కులు, పెన్నులు, మీ నాన్న పెట్టిన జిరాక్సు మిషను. మజ్జిలో బెల్లం, ఉప్పు, పసుపు, కిరాణా సరుకులు. నేను కాపరానికొచ్చిన కొత్తలో పలక ఖరీదు అణాల్లో ఉండీది, ఇప్పుడా డబ్బుకి పలక తుడుచుకునే గుడ్డ ముక్క కూడా రాదనుకో. సర్లే, అది వేరే సంగతి. ఎక్కడున్నాను? ఆఁ, కొట్టు.

టెన్తు రిజల్ట్సు వచ్చేయంటే జిరాక్సుల కోసం ఊళ్ళో పిల్లలంతా మన కొట్టు ముందే. మిషను తిరిగినంతసేపూ ఏటి సేస్తాం, కబుర్లే కదా. ఒరే, ఏ గ్రూపురా అంటే ఎంపీసీ అనీవోడు. అంటే ఏటిరా అంటే లెక్కలనీవోడు. లెక్కలంటే అంకెలు కదా, మజ్జిలో ఈ ఏబీసీడీలు ఎందుకొచ్చేయిరా అంటే వాడికీ తెలీదు. ఓ బైపీసీ పిల్ల బొద్దింకల్ని కోసి సూస్తామంది. మా కొట్టు వెనకాల బోల్డున్నాయి, పట్టుకెళ్ళమ్మా అన్నాను. ఏటి నవ్వుతన్నావు? నిజంగానే అన్నాను.

అలా అడగ్గా అడగ్గా ఏ గ్రూపులో ఏటుంటాదో నాకు కొంత తెలిసిపోయింది. పిల్లల తల్లీతండ్రీ నన్నడగడం మొదలెట్టేరు. టీసీ ఒరిజినల్ కాలేజీకి ఇచ్చే ముందు జిరాక్సులు తీసి ఉంచుకోండి, కులం సర్టిఫికెట్టుకి ఇప్పుడే మీసేవకి వెళ్ళండి, ఆఖర్లో రద్దీ ఉంటాది, ఇలాటివి సెప్పీదాన్ని. కొందరికి కాలేజీ గేటు దాటాలంటేనే బెదురు. వాళ్ళతో నేనే ఎళ్ళీదాన్ని.

నాకో అలవాటుంది కదా, బెల్లం అమ్మినా సింతపండు అమ్మినా ముందు కాస్త సేతిలో పెట్టి రుచి సూడమంటాను. మా పుట్టింటి కొట్లో మా నాన్న పద్ధతి అది. మరి రెండేళ్ళు సదివే సదువు రుచి సూడకుండా ఎలా రాయించీసుకుంటారు? గవర్నమెంటు కాలేజీ ప్రిన్సిపాలు గార్ని పట్టుకున్నాను. బాబూ, సెకండియరు వాళ్ళకి క్లాసులవుతన్నాయి కదా, ఈ పిల్లల్ని ఒక్క పూట వెనక బెంచీల్లో కూకోనీ, ఏది రుచిస్తాదో సూసుకుని అప్లికేషను రాస్తారు అన్నాను. ఆయన నవ్వేడు గాని మంచోడు, సరేనన్నాడు. ఆ తర్వాత ఏటా అదే పద్ధతి.

సముద్రం ఒడ్డు పేట నుంచి ఎర్రయ్యని ఒకాయన వల దారానికి మన కొట్టుకే వచ్చీవోడు. తండేలు. అంటే పడవకి పెద్ద, నడిపించీవోడు. ఆ ఏడు జూన్లో ఎర్రయ్య తన పడవలో ఎళ్ళే వాళ్ళ పిల్లల్ని, తండ్రుల్ని అందర్నీ వెంటేసుకుని వచ్చేడు. ముగ్గురు మొగపిల్లలు, ఒక ఆడగుంట. ఆ గుంటే నూకరత్నం. దానెనకాల వాళ్ళమ్మ పోలమ్మ, నెత్తిమీద సేపల తట్ట అలాగే ఉంది, అమ్మకం మజ్జిలో వచ్చీసింది.

"సావుకారమ్మా, మా పడవ పిల్లలందరికీ ఒకే గ్రూపు రాయించాల" అన్నాడు ఎర్రయ్య. "ఏది మంచిదో నువ్వే సెప్పు. అందరికీ అదే."

అందరికీ ఒకటే ఏటి ఎర్రయ్యా, పిల్లలు వేరువేరు కదా అన్నాను. అప్పుడు సెప్పేడు. అంతకు ముందేడు తన సిన్నకొడుకుని ఎవరో మాట సాయం సేసి టౌన్లో ఏదో కోర్సులో వేసేరట. పేట మొత్తమ్మీద ఆ కోర్సు వాడొక్కడిదే. పాఠం తెలీక, అడగడానికి పక్కన మనిషి లేక, పొద్దున్న బస్సెక్కి మజ్జిలో దిగిపోయి, ఇంకో ఊరి ఒడ్డున సాయంత్రం దాకా కూకుని ఇంటికొచ్చీవోడట. తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. ఇప్పుడు వలేస్తన్నాడు. "ఒంటరోణ్ణి మేం సంద్రం మీదకి పంపమమ్మా. సిన్న తెప్పయినా రెండో మనిసి ఉండాల. సదువుకి మాత్రం ఒక్కణ్ణి ఎలా ఒగ్గేసేనో నాకే తెల్దు" అన్నాడు.

సరే, రుచి సూద్దాం పదండని అందర్నీ కాలేజీకి తీసుకెళ్ళేను. ఎర్రయ్య కూడా వచ్చి వెనక బెంచీ మీద కూకున్నాడు, తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో కూకున్నట్టు. లెక్కల క్లాసులో మొగపిల్లలకి కళ్ళు వెలిగేయి. ఎంపీసీ ఖాయమైపోయింది. వచ్చీస్తూ సీఈసీ క్లాసు తలుపు తీసుంటే, ఇదేటో సూద్దామని దూరేను. నా బుద్ధి తెలుసు కదా. లెక్చరరు బోర్డు మీద ఒక గీత గీసి ధర గురించి సెప్తన్నాడు. నూకరత్నం సెయ్యెత్తింది.

"సార్, పొద్దున్న మా ఒడ్డు మీదున్న సేపే మజ్జేనం శ్రీకాకుళం బజార్లో ఉంటాది. సేప మారనేదు. రేటెందుకు మారిపోతాది?"

ఆయన సాక్పీసు కింద పెట్టీసి, "అది రెండేళ్ళ పాఠం తల్లీ, చేరితే చెప్తాను" అన్నాడు నవ్వుతూ. ఒసే, నేను పుట్టింది కొట్లో, మెట్టింది కొట్లో. ఒక సేత్తో కొని ఇంకో సేత్తో అమ్మడమే నా బతుకు. ఆ ప్రశ్న నాకు ఒక్కనాడూ రాలేదు సూడు. ఆ గుంట మీద నాకు ఈర్ష్యేసింది, నిజం సెప్తన్నాను.

బయటికొచ్చి సైకిల్ స్టాండు కాడ నిలబడ్డాం. నాకు సీఈసీ కావాల అంది నూకరత్నం. దానికి పదికి తొమ్మిదిన్నర పాయింట్లు. అప్లికేషన్లు ఇచ్చే గుమస్తా విని, ఇన్ని పాయింట్లొచ్చి సీఈసీ యేటమ్మా, తప్పినోళ్ళు తీసుకునే గ్రూపు అది అన్నాడు. ఎర్రయ్యకి కోపమొచ్చింది. నా వైపు తిరిగి, "యాపారం సదువు మీకు గాని మాకెందుకమ్మా? మా పడవ పిల్ల అది, పడవతోనే రావాల" అన్నాడు.

అప్పటిదాకా నోరెత్తని పోలమ్మ తట్ట కిందికి దించింది. "ఏటి బావా, పడవ పడవంటన్నావు? పడవకో వాటా, వలకో వాటా, ఎక్కినోడికి వాటా. సేపని ఒడ్డు మీద ఎండలో అమ్ముకొచ్చిన నాకు ఏ వాటా ఏసేవు? నన్ను నీ పడవలో ఏనాడూ లెక్కెట్టనేదు. నా కూతుర్ని ఎందుకు లెక్కెడతన్నావు? దాన్ని ఒడ్డు లెక్కలో ఎయ్యి."

ఎర్రయ్య తలగుడ్డ సుట్టుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ సుట్టుకున్నాడు. అప్పుడు మెల్లిగా, "సరే ఒదినా. నువ్వన్నది కాదననేను. మరి దీనికి రెండో మనిసి ఎవరు? మా ఓడికయినట్టు దీనికయితే? ఆడపిల్ల, ఒకసారి మానేసిందంటే మళ్ళీ పంపుతారా? పెళ్ళి సేసీసి ఊరుకుంటారు" అన్నాడు. అదీ నిజమే కదా. మొగపిల్లలు తలలొంచీసేరు. నూకరత్నం కళ్ళల్లో నీళ్ళు తిరుగుతన్నాయి.

నేనున్నాను కదా అన్నాను.

అందరూ నవ్వేరు. నవ్వండి నవ్వండి అన్నాను. నన్ను కాలేజీలో సేర్చుకోరు గాని, ఇది పొద్దున్న విన్న పాఠం సాయంత్రం నా కొట్లో కూకుని నాకు సెప్పాల. నాకు అర్థమైతే దానికి అర్థమైనట్టు. కాకపోతే మర్నాడు లెక్చరర్ని అడిగి రావాల. రాని రోజున నేనే బస్సెక్కి పేటకొస్తాను. ఎర్రయ్య నన్ను ఎగాదిగా సూసి, "నీ మాట నీ కొట్టు దారమంత గట్టిగా ఉంటాదా?" అన్నాడు. మా దారం ఎప్పుడైనా తెగిందేటి అన్నాను. తెగింది అన్నాడు. అయినా అప్లికేషన్లో సీఈసీయే రాయించేడు.

మొదట్లో బాగా సాగింది. సాయంత్రం బస్సు దిగి వచ్చి బల్ల మీద కూకునీది. వచ్చేదాన్ని డెబిట్ సెయ్యాలంట, పోయేదాన్ని క్రెడిట్ సెయ్యాలంట. అదేటే, వచ్చింది జమ కదా, మా మావగారి కాలం నుంచీ అలాగే రాస్తన్నాం అని దెబ్బలాడీదాన్ని. గిరాకీ వచ్చి పసుపు కావాలన్నా ఉండు నాయనా అనీదాన్ని. మీ నాన్న విసుక్కునీవోడు. నాకు మాత్రం సాయంత్రమెప్పుడవుతాదా అనుండీది.

అట్లతద్ది ముందు అనుకుంటాను, ఉన్నట్టుండి రావడం మానేసింది. ఒక రోజు సూసేను. ఇంకో రోజు సూసేను. ఎర్రయ్య కొడుకే గుర్తొచ్చేడు. కొట్టు మీ నాన్నకి ఒగ్గేసి బేగి బస్సెక్కేను. పేటకెళ్తే వాళ్ళమ్మ పక్కన కూకుని సేపలకి ఉప్పు రాస్తంది. నన్ను సూసి తలెత్తలేదు. పోలమ్మే సెప్పింది, క్లాసులో కొందరు పిల్లలు సేపల వాసనొస్తందని ముక్కు మూసుకుని వేరే బెంచీకి ఎళ్ళిపోతన్నారట. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళెవరో సెప్పు, రేపు నేనొచ్చి ఆ సేపల పులుసు తినీటప్పుడు మూసుకోని ముక్కు ఇప్పుడెందుకు మూసుకుంటన్నారో అడుగుతానన్నాను. దానికి నవ్వు రాలేదు.

అప్పుడు కిందే, ఇసకలో కూలబడ్డాను. ఒసే, నువ్వు నన్ను మజ్జిలో ఒగ్గేసేవు. ధర తగ్గితే కొనీవోళ్ళు పెరుగుతారని సెప్పి ఎళ్ళిపోయేవు. మరి మన కొట్లో ఉప్పు ధర తగ్గించినా ఎవరూ ఎక్కువ కొనరు కదా, అదెలాగ? నాకిది తెగక అన్నం సయించట్లేదు అన్నాను. మాయమాట కాదమ్మా, నిజంగానే తెలుసుకోవాలనుంది నాకు. అది కాసేపు నా మొహంలోకి సూసింది. ఉప్పు సేత్తోనే ఇసకలో గీత గీసింది. ఇంకోటి గీసింది. కొన్ని సరుకులకి గీత నిలువుగా ఉంటాదని మొదలెట్టి, సెప్పి సెప్పి, ఇది నాకూ సరిగ్గా తెల్దు మామ్మగోరూ, రేపెళ్ళి సార్ని అడిగొస్తాను అంది. అవతల వల బాగు సేసుకుంటన్న ఎర్రయ్య సూది ఆపీసి ఇటే సూస్తన్నాడు.

మర్నాడు కాలేజీకి ఎళ్ళింది. మళ్ళీ మానలేదు. ఇప్పుడు డిగ్రీ ఆఖరేడు, బీకామ్. ఇంటర్ పాసయిన ఏడు నన్ను పేటకి పిలిచేరు. పడవ అప్పుడే ఒడ్డుకొచ్చింది. ఎప్పట్లాగే ఎర్రయ్య సేపలు వాటాలేస్తన్నాడు. పడవకి, వలకి, ఎక్కినోళ్ళకి. అయిపోయిందనుకున్నాం. తర్వాత ఇంకో తట్ట తీసి, దాన్నీ నింపి పోలమ్మ ముందు పెట్టేడు. "ఒదినా, ఇది ఒడ్డు వాటా. ఇక ప్రతీ వేటకీ" అన్నాడు. పోలమ్మ తట్టలో సెయ్యి పెట్టి కిందనుంచి పైకి తిరగేసి సూసి, "అన్నీ సిన్నవే ఏసేవేటి బావా?" అంది. ఒడ్డంతా నవ్వు. ఆవిడ మాత్రం పైటసెంగుతో కళ్ళు ఒత్తుకుంది, నేను సూసేను.

ఇంతకీ నేనెందుకు మొదలెట్టేను ఇది? ఆఁ, నీ హెచ్ఈసీ. మీ అమ్మతో నేను మాటాడతాను, అది కాసేపు అరుస్తాది, తర్వాత వింటాది. ముందు రేపెళ్ళి ఆ క్లాసులో ఒక్క పూట కూకో. రుచి సూడు. అప్పుడూ కావాలనిపిస్తే రాసీయ్, ఒక్కదానివేటి, నేను లేనూ? సాయంత్రం ఇంటికొచ్చి నాకు పాఠం సెప్పాల మరి. ఆ రాజులు యుద్ధాలకెళ్తే ఎనకాల అంతమందికి బియ్యం ఎవరమ్మీవోరో, ఏ ధరకమ్మీవోరో, నాకు ఎప్పట్నుంచో అనుమానం. కనుక్కురా.

ఇలా ఒంగు, తల మీద సెయ్యేస్తాను. నీ నోట్లో ప్రశ్న ఎప్పుడూ ఎండిపోకూడదు, నీ పక్కన రెండో మనిషి ఎప్పుడూ ఉండాల. నేనున్నన్నాళ్ళు నేనుంటాను. నా తర్వాత... సర్లే, నా తర్వాత ఇంకెవరికైనా నువ్వుందువు గాని. ఎళ్ళు, అప్లికేషనుకి ఆ ఫొటోలు ఎక్కడున్నాయో ఎతుక్కో, పాస్‌పోర్టు సైజువి...