కురుమయ్య జాగా

"భిక్షంగాడా? వాడు బాలును తన్నడు సాబ్, కాళ్లను తంతడు! మొన్న ప్రాక్టీసుల మన గోల్‌కీపరే కుంటుకుంట ఇంటికి పోయిండు."

1988 నాటి మాట. నకిరేకల్ దగ్గరి సిమెంటు కంపెనీ ఫుట్‌బాల్ టీంలో హాఫ్ జాగా కురుమయ్యది. ఆ జాగాలో బదులు ఆడే స్పేరు ఎవరని కోచ్ జాఫర్ తననే పిలిచి అడుగుతుంటే, మోకాలి దెబ్బ సాకుతో తనను తీసేస్తారేమోనని కురుమయ్య భయం.

"సరే, భిక్షం వద్దు. సైదులు?"

"సైదులా! ముందుకైతే గుర్రం లెక్క ఉరుకుతడు. ఎనుకకు రమ్మంటే రాడు. హాఫ్ అంటే రెండు దిక్కుల పని గదా సాబ్! ముందల బాలందియ్యాలె, ఎనుక అడ్డం పడాలె. వాడేమో సిన్మా చూసినట్టు నిలబడి చూస్తడు."

"యాకూబ్?"

"మంచోడే."

"మంచోడేనా?"

"మంచోడే. గంతే. బాలొస్తే సలాం కొట్టి పక్కకు జరుగుతడు."

"నవ్వియ్యకురా!"

"మీకు నవ్వొస్తాంది, నాకు పానం పోతాంది. నా మోకాలు మంచిగైంది సాబ్. జర ఒత్తి చూడుండ్రి."

"నీ మోకాలు ఎవలడిగిండ్రు? ముగ్గుర్ల ఎవలు నయమో చెప్పు."

"ఎవ్వలు లేరు."

"ఒక్కడు గూడ?"

"ఎవ్వలంటే ఎవ్వలు లేరు! నన్ను తీసెయ్యకుండ్రి సాబ్. ఇంట్ల నా పెండ్లానికి గూడ చెప్పలే, నిద్రే పడ్తలేదు..."

"తీసేసుడేందిరా పిచ్చోడా! పొద్దుగాల హైదరాబాద్ క్లబ్బోళ్లు ఫోన్ చేసిండ్రు. నిన్ను అడుగుతున్నరు."

"నన్నా?"

"నిన్నే. ఏం చేస్తం, నీ జాగకు మనకాడ ఎవ్వలు లేరంటివి. పంపనని చెప్పేస్త."

"ఆగుండ్రి, ఆగుండ్రి! ఫోన్ జోలికి పోకుండ్రి! భిక్షం లేడా? ఏం బలం సాబ్ వానిది!"

"కాళ్లను తంతడంటివి?"

"అవతలోళ్ల కాళ్లు గదా! ఇగ సైదులు ఎనుకకెందుకు రావాలె, గోలు ముందల్నే ఉంటది గదా!"

"మరి యాకూబ్?"

"బంగారం! మర్యాద తెలిసిన పోరడు!"

"యా అల్లా, నవ్వీ నవ్వీ కడుపు నొస్తాంది! అరే, పూరగ వినురా. ఆడ నిన్ను రోజు ఆడిపియ్యరు. నువ్వు స్పేరువు."

"స్పేరా?"

"స్పేరే. వాళ్ల హాఫ్‌కు ఏమన్నయితేనే నిన్ను దించుతరు. లేకుంటే బెంచి మీద కూసునుడే."

"బెంచి మీద..."

"ఆఁ. ఇష్టం లేకుంటే చెప్పు. బలిమేం లేదు."

"పోత సాబ్, పొద్దుగాల బస్సుకే పోత! ఏడాదిల ఆ హాఫ్‌గానికి ఒక్కపారన్న జలుబు రాదా?"