ఊరగాయ రాయి కింద ఆల్బమ్

కురాషికిలో ఒక ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల నిండా కత్తెర, జిగురు, రంగు కాయితపు టేపులు, పాత ఫొటోలు. బల్ల చుట్టూ ఇసావో, అతని భార్య హరుయో, ఆమె అక్క చిజుకో.

"ఏంటీ, ఇంకో ఆపరేషనా? ఒకటి చాలదా నాకు?"

"డెకరేషనండీ, డెకరేషన్! అట్ట మీద ఏం డెకరేషన్ పెట్టాలని అక్కని అడుగుతున్నా. మీ చెవిలోకి ఆపరేషన్ తప్ప ఇంకేం దూరదా?"

"ఎలా దూరుతుంది? రేపు పొద్దున ఆసుపత్రిలో చేరేది నేను. ఎల్లుండి మార్చేది నా గుండెలో వాల్వు, నీ చొక్కాకి గుండీ కాదు."

"చిన్న పనే అన్నారుగా డాక్టరు, మరిదీ."

"చేసేవాడికి చిన్నదే వదినా. పడుకునేవాడికే పెద్దది. సరే, ఏంటిదంతా? అరచేతంత పుస్తకం, ఆరెకరాల చెత్త!"

"చెత్త కాదు. మనం తిరిగిన ఊళ్ల గుర్తులు. ఇది మియాజిమా పడవ టికెట్టు. ఇది తకమాత్సు స్టేషన్‌లో కొట్టించుకున్న ముద్ర. ఇది రైల్లో కొన్న భోజనం డబ్బా మీది కాయితం. ఇవి అన్నం తినే పుల్లల కాయితపు తొడుగులు."

"తిన్న పుల్లల తొడుగులు కూడా దాచావా? నేను వదిలేసిన చేప ముళ్లు ఏ పేజీలో వస్తాయి?"

"మీరెప్పుడైనా వదిలేస్తే కదా రావడానికి!"

"ఇంతకీ ఏం చేస్తున్నావ్?"

"అంటిస్తున్నా."

"దేన్ని? పుస్తకాన్నా, కొంపనా?"

"కొంపని మీరు నోటితోనే రోజూ అంటిస్తున్నారుగా. దానికి జిగురు దండగ."

"చూశారా వదినా, మీ చెల్లెలు! రేపు మంచమెక్కే మనిషితో మాట్లాడే మాటలా ఇవి?"

"నన్నెందుకు లాగుతావు మరిదీ? నేను మూలలు గుండ్రంగా కత్తిరించడానికి వచ్చాను."

"మీరు మూలలు కత్తిరించండి. నేనో మూల కూచుని మూలుగుతాను. ఆగాగు... హరుయో, ఇది కొతోహిరా గుడి మెట్లెక్కినప్పటి ఫొటో కదూ? ఈ ముక్కలో నువ్వు. ఆ ముక్కలో వదిన. మధ్య ముక్క ఏది? నేనేడి?"

"ఉన్నారు."

"ఎక్కడ?"

"బిస్కెట్ల డబ్బాలో."

"డబ్బాలోనా! ఏదీ... ఇది నేనే. ఇదీ నేనే. ఇది కూడా... దీనికి సగం చెవి లేదేం?"

"కత్తెర జారింది."

"ఎల్లుండి డాక్టరు కూడా ఇదే మాటంటే?"

"మరిదీ! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు."

"నా నోటికేం వదినా, ముక్కలైంది నా మొహం కదా! నన్ను కొయ్యడానికి డాక్టరే ఎల్లుండి దాకా ఆగుతున్నాడు. ఈవిడకి ఆదివారం కూడా సెలవు లేదు."

"మీరు వెడల్పు. పుస్తకం ఇరుకు. ఏం చెయ్యమంటారు?"

"ఆహా! ముప్ఫై ఏళ్లు ఇదే మంచం మీద సర్దుకున్నావు, ఒక్క పేజీలో సర్దుకోలేవా? బతుకంతా అతుకులేసుకుంటూ వచ్చాం. చివరికి అతికే దగ్గర నన్ను పీకేశావు. అసలీ ఫొటోలన్నీ తీసిందెవరు? కెమెరాని మూడు కాళ్ల మీద నిలబెట్టి, మీట నొక్కి, పరుగెత్తుకొచ్చి..."

"పరుగెత్తుకొచ్చి మా ఇద్దరి మధ్యా దూరేవారు! చివర నిలబడండీ, చివర నిలబడండీ అని నేను మొత్తుకుంటూనే ఉండేదాన్ని. వింటేగా!"

"మధ్యలో ఉంటే ఫొటోకి నిండు."

"నిండు కాదు, మొండి."

"కోపముంటే నోటితో చెప్పు, కత్తెరతో కాదు. అయినా నాలుగు రోజులుగా నీ వాలకమే బాలేదు. ఎదురింటి ఓనుమాగారు ఆప్యాయంగా పూల కుండీ తెస్తే గుమ్మంలోంచే పంపేశావు."

"కుండీలో మొక్కకి వేళ్లుంటాయి. జబ్బు మనిషికిస్తే, ఆ మనిషి మంచంలోనే వేళ్లు దిగిపోతాడు. ఇవ్వకూడదని ఆవిడకైనా తెలియొద్దూ?"

"ఆసుపత్రిలో నాలుగో అంతస్తులో గది ఇచ్చారని ఆ నర్సమ్మతో గొడవపడ్డావు."

"నాలుగంటే చావు మాట వినిపిస్తుందండీ. మీకు తెలీదా?"

"తెలుసు. నేను ఇంజనీరుని. అన్నీ తెలుసు, ఏదీ నమ్మను."

"అదే కదా మా ఖర్మ!"

"మరి ఇంత పట్టింపున్న మనిషివి, బతికున్న మొగుడి తల తీసి డబ్బాలో పెట్టడం ఏ శకునం కింద వస్తుంది? తల తీసేశాక ఇంక తలపులెందుకు, టేపులెందుకు?"

"ఆ కత్తెర ఇటివ్వక్కా."

"మాట మార్చకు. వదినా, మీరైనా చెప్పండి. ఎవరికి ఈ పుస్తకం? నేను పోయాక మీరిద్దరూ ఊళ్లు తిరగడానికి ఇప్పట్నించే రిహార్సలా?"

"చెప్పెయ్యవే హరుయో."

"వద్దక్కా."

"చెప్పెయ్."

"నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే గుండెకి మంచిదట."

"నేనా? నాకు నవ్వెక్కడుంది ఇప్పుడు? ఎవరికో చెప్పండి ముందు."

"నీకే మరిదీ. ఆసుపత్రిలో దిండు పక్కన పెట్టుకోవడానికి. అందుకే అంత చిన్నది."

"నాకా? నేను లేని ఆల్బమ్ నాకా? పడుకుని ఏం చూసుకోవాలి, నా ఖాళీలా?"

"అబ్బ, అరవకండీ! ముగ్గురు ఫొటో దిగితే మధ్యలో మనిషి ముందు పోతాడని మా అమ్మ అనేది. మీ అమ్మ అనలేదూ?"

"అంది. మా మామ్మయితే ముగ్గురే ఉన్నారంటే బొమ్మనొకదాన్ని చంకన పెట్టుకుని నాలుగో మనిషిని చేసేది."

"మరి! మనం ఎప్పుడు ఊరెళ్లినా ముగ్గురమే. ప్రతి ఫొటోలో మధ్యన మీరే. ఆ డాక్టరు గుండె అన్న దగ్గర్నుంచీ ఏ ఫొటో చూసినా మీరు మధ్యలో నిలబడి పళ్లికిలిస్తూ కనిపిస్తున్నారు. చూడలేకపోయాను. అందుకే కోసి, మిమ్మల్ని చివరికి జరిపి అంటిస్తున్నాను. ఇంక నవ్వండి."

"నవ్వట్లేదు."

"పర్లేదు, నవ్వండి. ఇంజనీరుగారు కదా."

"నవ్వట్లేదన్నాగా! కంట్లో జిగురు పడింది."

"జిగురు డబ్బా ఇటుంది మరిదీ, నీకు ఆమడ దూరంలో."

"మంచి జిగురు వదినా. దూరం నుంచే అంటుకుంటుంది. సరే హరుయో, నేను చివరికి వెళ్లాను. మరి ఆ మధ్య జాగా?"

"అక్కడ పూలు అంటిస్తానంది. నేనే చెర్రీ పూల టేపు కొనుక్కొచ్చాను. ఇటు నేను, అటు మీరిద్దరూ, మధ్యలో పూలు. ఇంక ఏ పీడా ఉండదు."

"బావుందే! ఏదీ, అయిన పేజీలు చూపించు."

"ఇప్పుడు కాదు. బరువు కింద ఆరుతున్నాయి."

"ఏ బరువు? ఆ గట్టు మీదున్న, ముల్లంగిని అదిమిపెట్టే ఊరగాయ రాయా? నన్ను ముల్లంగిని చేసి ఊరబెట్టావా? వదినా, రాయి ఎత్తండి."

"ఎత్తకక్కా!"

"ఎత్తేశానే. ఇదిగో మరిదీ, నువ్వే చూసుకో."

"ఆఁ... ఇదిగో నేను. పేజీ చివర బుద్ధిగా నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి పెళ్లాం చెప్పిన చోట నిలబడ్డాను. బావుంది. కానీ వదినా... మీ పూలేవి?"

"పూలు ఉండాలే... అయ్యో, టేపు ఇక్కడే ఉంది! పైన కాయితం కూడా చింపలేదు."

"కొతోహిరా మెట్ల మీదా పూలు లేవు. పడవ మీదా లేవు. ఇక్కడా... ఇక్కడా... హరుయో, అన్నింట్లో మధ్యన నువ్వున్నావేంటే?"

"వేలు తియ్యండి. జిగురింకా ఆరలేదు."