గదిలో రెండో గొంతు

"అద్దాన్ని కూడా కప్పెయ్యాలండీ."

"అద్దంలో ఏముంటుంది మేడమ్, నా మొహం తప్ప?"

"మీ ఎదురుగా ఎవరైనా నిలబడి సైగలు చేస్తే మాకు తెలియొద్దూ? మా రూలు అది. తువ్వాలు కప్పండి, చాలు."

ఇళ్ళలో కూర్చుని కంప్యూటర్ పరీక్షలు రాసేవాళ్ళను, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని తెర మీద కనిపెట్టుకుని ఉండటం ఆవిడ ఉద్యోగం. ఆ ఆదివారం పొద్దున్న ఆవిడ వంతుకు వచ్చింది ముప్పై దాటిన మనిషి. రూళ్ళు బోలెడున్నా అసలు రూలు ఒక్కటే: గదిలో అతను తప్ప ఇంకో నరమానవుడు ఉండకూడదు.

"కప్పాను మేడమ్. ఇంకా?"

"కెమెరా ఎత్తి నాలుగు గోడలూ చూపించండి. నెమ్మదిగా... నెమ్మదిగా అన్నాను కదండీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"సారీ మేడమ్. కంగారులో తిప్పేశాను. ఈ పరీక్ష నాకు మూడోసారి."

"ఆ కుర్చీ ఎవరిది?"

"ఏ కుర్చీ?"

"మీరు కూర్చున్నది కాక, ఎదురుగా ఇంకోటి ఉంది చూడండి."

"అదా? అదీ నాదే."

"ఒక్కరికి రెండు కుర్చీలా?"

"ఒకటి కూర్చోడానికి. ఇంకోటి... బట్టలు వేసుకోడానికి మేడమ్."

"దాని మీద బట్టలేం లేవే."

"ఇవాళే ఉతుక్కున్నాను."

"సరే, గోడవారకు జరపండి. మంచం కింద ఏముంది?"

"సూట్‌కేసు. తెరవమంటారా?"

"వద్దులెండి. బాత్రూము తలుపు తీసి చూపించండి... ఆఁ, మూసెయ్యండి. చెవులు. ఇటు... అటు. చొక్కా చేతులు పైకి మడవండి. ఫోను?"

"స్విచ్చాఫ్ చేసి వంటగట్టు మీద పెట్టాను."

"పరీక్ష అయ్యేదాకా లోపలికి ఎవరూ రాకూడదు. తలుపు కొట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నా తలుపా? ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్."

"ప్రశ్నలు పైకి చదవకూడదు. చదివితే హెచ్చరిస్తాం. అదే గదిలో రెండో మనిషి ఉన్నట్టు తెలిస్తే మాత్రం హెచ్చరికలుండవు, పరీక్ష రద్దు. అర్థమైందా?"

"అర్థమైంది. ఒక్క మాట మేడమ్."

"పరీక్ష గురించి అయితేనే అడగండి."

"దాని గురించే. కంప్యూటర్ కంపెనీలో కొత్తగా చేరాను. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ తెచ్చుకుంటానని మాటిచ్చి చేరాను. రెండుసార్లు తప్పాను. మా మేనేజరు మొన్న పిలిచి, సోమవారం పాసైన సర్టిఫికెట్‌తో వస్తే లోపలికి రా, లేకపోతే గేటు దగ్గర నీ కార్డు ఇచ్చేసి వెళ్ళు అన్నాడు. అందుకని... మీరేదైనా మంచి మాట చెబుతారేమోనని."

"మాకు చెప్పమని రాసిచ్చిన మాటలే చెప్పాలండీ."

"పోనీ అందులోదే ఒకటి చెప్పండి."

"మీరు ఇప్పుడు పరీక్ష ప్రారంభించవచ్చు."

"అదే మంచి మాట అనుకుంటాను."

కాసేపు బాగానే సాగింది.

"ఏమండీ, పెదాలు కదులుతున్నాయి. పైకి చదువుతున్నారు."

"అయ్యో. నాకు తెలియకుండానే..."

"ఇది మొదటి హెచ్చరిక."

"నోరు కుట్టేసుకుంటాను మేడమ్."

కుట్టుకోలేకపోయాడు పాపం. సగం ప్రశ్నలు దాటాక ఆవిడ హెడ్‌ఫోనులో రెండు గొంతులు వినిపించాయి. ఒకటి అతనిది. రెండోది సన్నగా, గద్దిస్తున్నట్టుగా ఉన్న ఆడగొంతు. అప్పటికి అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తెరలోకి వంగిపోయి ఉన్నాడు; పెదాలు కనబడలేదు.

"ఏరా, ఇక్కడ రౌటరెందుకు? స్విచ్చి సరిపోదూ?"

"సరిపోదమ్మా. రెండూ వేరు వేరు నెట్‌వర్కులు."

"తెలిసినవాడివి ఇంతసేపు గుటకలు మింగావేం?"

"చేతులు తీసెయ్యండి. కీబోర్డు ముట్టుకోకండి. పరీక్ష ఆపేస్తున్నాను."

"మేడమ్..."

"గదిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నా చెవులతో విన్నానండీ. ఆవిడెవరు?"

"ఆవిడ... ఆవిడ లేదు మేడమ్. అది నేనే."

"ఆడగొంతుతోనా?"

"చెబితే నవ్వుతారు."

"నవ్వడం నా పని కాదు. చెప్పండి."

"పదేళ్ళు బట్టల కొట్లో పనిచేశాను మేడమ్. ఎంత పెద్ద బట్టైనా రెండు విసుర్లలో మడతపెట్టేస్తాను. అదొక్కటే వచ్చు. కొట్టు మూసేస్తే ఈ లైన్లోకి దూకాను. చిన్న ఉద్యోగమే, ప్రింటరు పనిచెయ్యడం లేదని పిలిస్తే వెళ్ళి చూడటం. సగం సార్లు ప్లగ్గు కూడా పెట్టి ఉండదు. ఆఫీసులో నా పేరు ఎవరికీ తెలీదు, 'ఏయ్ ప్రింటరూ' అంటారు. నేనూ పలుకుతాను."

"అసలు సంగతి చెప్పండి."

"అక్కడికే వస్తున్నాను. పాఠాలు వీడియోల్లో చూస్తే ఈ చెవిన పడి ఆ చెవిన పోతున్నాయి. ఎవరైనా ఎదురుగా కూర్చుని అడిగితే తప్ప నా బుర్రకెక్కదు. చిన్నప్పటి నుంచీ అంతే. కాస్త నన్ను ప్రశ్నలు అడగండ్రా బాబూ అని ఆఫీసులో అందరి బల్లల దగ్గరికీ తిరిగాను. ఎవరి తొందరలు వాళ్ళవి. అందుకని నన్ను నేనే అడుక్కోడం మొదలుపెట్టాను."

"గొంతు మార్చి?"

"మొదట్లో మార్చలేదు. ఒకే గొంతుతో అడిగి, ఒకే గొంతుతో చెబితే, అడిగిందెవరో చెప్పిందెవరో నాకే గందరగోళంగా ఉండేది. అప్పుడు టీచరమ్మ గొంతు పెట్టాను. ఆ కుర్చీలో కూర్చుని అడుగుతాను. లేచొచ్చి ఈ కుర్చీలో కూర్చుని చెబుతాను."

"అంటే బట్టలకి కాదన్నమాట."

"కాదు మేడమ్. అబద్ధం చెప్పాను."

"రోజూ ఇలాగేనా?"

"రోజూ. ఆఫీసు నుంచి రాగానే. ఇప్పుడు ఆవిడ అడిగితే గానీ నాకు జవాబు రావడం లేదు. ఇందాక ప్రశ్న చూడగానే బుర్ర మొద్దుబారిపోయింది. ఆవిడ వచ్చేసింది."

"ఆవిడ ఎప్పుడూ తిడుతూనే ఉంటుందా?"

"తిడుతుంది. మంచిదే మేడమ్. ఒక్కోసారి, అన్నం తిన్నావా అని కూడా అడుగుతుంది."

"అది పాఠంలో లేదు కదండీ."

"లేదు మేడమ్."

"సరే. మీరు చెప్పింది నిజమైతే ఆ గొంతు ఇప్పుడు చేసి వినిపించండి. రికార్డవుతోంది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఏ... ఏరా... ఏరా, స్వి... రావడం లేదు మేడమ్."

"నీళ్ళు తాగి ప్రయత్నించండి."

"నీళ్ళ వల్ల కాదు. ఎవరైనా చూస్తుంటే రాదు. మనిషి ఉంటే ఆవిడ రాదు."

"ఇందాకా నేను చూస్తూనే ఉన్నాను."

"అప్పుడు మీరున్నారన్న సంగతే మరిచిపోయాను."

"ఇలాగైతే నేను నమ్మడం ఎలాగండీ? పై వాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"గది మళ్ళీ చూపిస్తాను, చూడండి. ఒక కంచం. ఒక గ్లాసు. తలుపు దగ్గర ఒకటే జత చెప్పులు. ఉన్న ఒక్క తువ్వాలూ అద్దం మీద ఉంది. ఇద్దరుండే గది ఇలా ఉంటుందా?"

"కంచాలు దాచెయ్యొచ్చు. ఇలా చూపించి మోసం చేసినవాళ్ళని చూశాను. మీరొక్కరే ఉంటారని చెప్పగలిగే మనిషి కావాలి. మీ ఇంటి ఓనరు?"

"ఆయన ఈ ఊళ్ళో ఉండడు. తాళంచెవి కూడా వీధి చివర కొట్లో ఇచ్చిపోయాడు."

"పక్క గదివాళ్ళు?"

"వాళ్ళ దగ్గు తెలుసు. మొహం తెలీదు."

"మీ వివరాల్లో అక్కగారి నంబరు ఉంది. ఆవిడకి ఫోన్ చేస్తాను."

"వద్దు మేడమ్."

"ఎందుకు?"

"వద్దు. అక్కకి ఒంట్లో..."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"అక్కని అడిగితే నా కొంప మునుగుతుంది."

"ఎందుకు మునుగుతుంది? నిజమేదో ఆవిడే చెబుతుంది."

"తనకి తెలిసిన నిజం చెబుతుంది మేడమ్. మా తమ్ముడికేమండీ, సాయంత్రమయ్యేసరికి నలుగురు స్నేహితులు గదికొస్తారు, అంతా కలిసి చదువుకుంటారు అంటుంది. వాళ్ళలో ఒకమ్మాయి మరీ బాగా చెబుతుందట అని కూడా అంటుంది."

"ఆవిడకి ఎవరు చెప్పారు?"

"నేనే. వారం వారం ఫోన్లో."

"ఎందుకలా?"

"ఒక్కడివే ఎలా ఉంటున్నావురా అని అక్క అవతల ఏడుస్తుంటే ఏం చెప్పమంటారు? మొదట ఒక స్నేహితుణ్ణి పుట్టించాను. సంతోషించింది. ఇంకొకణ్ణి పుట్టించాను. ఇప్పుడు వాళ్ళందరినీ అడిగానని చెప్పు అంటోంది."

"మీరు ఒంటరిగా ఉంటారని చెప్పడానికి ఒక్కరంటే ఒక్కరు కూడా లేరా?"

"అలా చెప్పేవాళ్ళు ఒక్కరున్నా నేను ఒంటరివాణ్ణి ఎలా అవుతాను మేడమ్?"

ఆవిడ చెవుల మీది హెడ్‌ఫోను సర్దుకుంది.

"మేడమ్? ఉన్నారా?"

"ఉన్నాను."

"మీ వెనకాల మీ ఆఫీసులో ఎన్ని గొంతులు వినిపిస్తున్నాయో. ఇందాకటి నుంచీ వింటున్నాను. పొద్దంతా అంతమంది మధ్య ఉండి, ఇంటికెళ్తే మళ్ళీ ఇంట్లోవాళ్ళు... మీకు ఇదంతా ఎలా చెబితే తెలుస్తుంది?"

"సొంత విషయాలు మాట్లాడకూడదండీ."

"సారీ మేడమ్. కోపం తెచ్చుకోకండి."

"కోపం లేదు. తెర ముందు నుంచి లేవకండి. మా సూపర్‌వైజరుతో మాట్లాడి వస్తాను."

"మేడమ్, నాకు దీంట్లో చాలా వచ్చు. నిజంగా వచ్చు. అడిగేవాళ్ళు లేరంతే."

"లేవకండి."

ఆవిడ తమ మాటలు అతనికి వినబడకుండా మీట నొక్కి సూపర్‌వైజరును పిలిచింది. ఆయన రికార్డింగు విన్నాడు.

"ఇందులో ఆలోచించడానికి ఏముందమ్మా? ఆడగొంతు గంట కొట్టినట్టు వినిపిస్తుంటే? రద్దు చెయ్యి."

"ఆ గొంతు ఆయనదే సార్."

"చేసి వినిపించమన్నావా?"

"అన్నాను. రాలేదు."

"సాక్షులు?"

"లేరు."

"గొంతు రాదు, సాక్షులు లేరు, అక్కకి ఫోన్ చెయ్యొద్దంటాడు. పైగా కుర్చీ గురించి ముందే అబద్ధం చెప్పాడు. నువ్వే నా చోట ఉంటే ఏం చేస్తావు?"

"రద్దు చేస్తాను సార్."

"మరింకేం?"

"ఇంకోసారి వినండి సార్. రెండు గొంతులూ ఎక్కడా ఒకదాని మీద ఒకటి పడలేదు. ఒకటి ఆగి, ఊపిరి పీల్చుకున్నాక గానీ రెండోది మొదలవ్వదు. ఇద్దరు మనుషులైతే ఎక్కడో ఒకచోట మాటకు మాట అడ్డొస్తుంది."

"ఊఁ. అయినా బాగా తయారై వచ్చినవాళ్ళు అది కూడా చూసుకుంటారు."

"తయారై వచ్చిన మనిషి జవాబులు చెబుతుంది కదా సార్. ఆవిడ ఒక్క జవాబు కూడా చెప్పలేదు. అడిగిందంతే. జవాబు ఆయనే చెప్పాడు."

"నువ్వు ఆయన లాయరువా, ఇన్విజిలేటరువా?"

"ఇన్విజిలేటర్నే సార్."

"చూడమ్మా, దీనికి ఒక్కటే దారి ఉంది. అభ్యర్థి గదిలో ఒంటరిగానే ఉన్నాడని ఇన్విజిలేటరు పూచీ పడితే కొనసాగించొచ్చు. కానీ ఈ రికార్డింగు పైవాళ్ళు మళ్ళీ వింటారు. వాళ్ళు కాదన్నారంటే ఆయన సర్టిఫికెట్టూ పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. నేను అడ్డుపడలేను."

"నేను పూచీ అని రాసుకోండి సార్."

"నువ్వు చేరి ఎన్నాళ్ళైందని? ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నెత్తి మీదకు తెచ్చుకోవడం ఎందుకు?"

"రాసుకోండి."

"సరే, రాశాను. మిగిలిన సమయం ఇస్తున్నామని ఆయనకి చెప్పు."

"థాంక్స్ సార్."

"ఆగు. రేపు పైవాళ్ళు నన్ను నిలదీస్తే నేనేదో ఒకటి చెప్పుకోవాలి. నిజం చెప్పు. అది ఒక్క మనిషేనని నీకంత నమ్మకం ఎలా కుదిరింది?"

"సార్..."

"చెప్పమ్మా."

"నేను ఇంటికెళ్ళాక రోజూ ఇద్దరం మాట్లాడుకుంటాం సార్. ఉండేది నేనొక్కదాన్నే."