దవడ పన్నుకు కన్నీటి ప్రార్థన

హలో… ఆ, నేనే జెఫ్రీ, విమలాంటీని.

… ఆస్పత్రికి ఇంగా యాడ పోయేదప్పా? రాత్రి నువ్వు చర్చి గ్రూపులో పెట్టిన ప్రార్థన మనవి సదివి, మీ అంకుల్ మంచమెక్కేసినాడు.

… నేను నీకేం చెప్పినాను? అహరోనంకుల్ రేపు దవడ పన్ను పీకించుకుంటాండాడు, ప్రార్థన చెయ్యమని పెట్టు అంటి. నువ్వేం పెట్టినావు? ‘మన ప్రియ సహోదరుడు అహరోను మృత్యువుతో పోరాడుతున్నారు. కన్నీటితో మోకరించండి.’

… పోయిన నెల తబితక్కకు జ్వరమని ఉండేది ఉన్నట్టు రాస్తే ఇద్దరే ఆమెన్ పెట్టినారా? దానికని పన్నుకు మృత్యువా?

… సదివినోళ్లు ఊరికే ఉంటారా? పుంగనూరు నుంచి తబితక్క తెల్లచీర కట్టుకోని దిగింది. కుప్పం నుంచి జాకబన్న పూలదండ తెచ్చి తలుపెనక దాచిపెట్టినాడు. మంచం సుట్టూ నిలబడుకోని పాటలు పాడతాండారు. సమాధి కాడ పాడేవే.

… నవ్వద్దు. నిన్నటిదాకా పన్ను పన్ను అని గోల పెట్టిన మనిషి, ఈ పొద్దు కూతురు బీనాను పిలిపించు, కడసారి సూస్తా అంటాడు. దవడేమో బూరె మాదిరి వాచిండాది. డాక్టరమ్మ మధ్యాన్నానికి ఎల్లిపోతుంది. ఈ పొద్దు పీకకపోతే చీము పాకుతుందని చెప్పింది.

… ఇప్పుడే మార్చు. పన్ను పీకుతారు, సాయంత్రానికి ఇడ్లీ తింటాడు అని రాయి.

… ఆ, వచ్చింది. సదవతాండాడు.

… అలిగినాడప్పా. గోడ పక్కకు తిరుక్కునేసినాడు. ‘నా బతుకు ఇడ్లీతో సరా?’ అంటాడు. తబితక్క కూడా మొగం మాడ్సుకోని బ్యాగు సర్దుకుంటాంది.

… సరే, ఇంగొకటి రాయి. మృత్యువు వద్దు. పోరాటం మాత్రం ఉండనీ.

… ఏమీ? ‘విశ్వాస వీరుడు అహరోను, నొప్పిని ధిక్కరించి, చిరునవ్వుతో బయలుదేరారు’… ఇంగా బయలుదేరలేదు కదప్పా.

… సరే, పెట్టు పెట్టు.

… లేసినాడు. ఇస్త్రీ చొక్కా యాడుందని అడగతాండాడు.

… తబితక్క చప్పట్లు కొడతాంది. అయ్యో, తలుపెనక దండ ఈయన కంట్లో పడింది.

… పడితే ఏముంది, మెళ్లో ఏసుకున్నాడు.

… నేనా? నాకేమప్పా. పన్నే కదా, నాకు తెలీదా.

… లేదు లేదు, జలుబు. ఆ ‘చిరునవ్వుతో బయలుదేరారు’ అనే కాడ కొంచెం…

ఫోను పెట్టేయ్ నాయనా. కండ్లు తుడ్సుకోని ఆటో పిలవాల.