వాళ్ళ వేసవి

కాలేజీ డాబా మీద సోలార్ ప్యానెళ్ళకు పట్టిన దుమ్ము తుడిచి తుడిచి ఆ అమ్మాయి చేతులు లాగేస్తున్నాయి. మేడమ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి గట్టు మీద కూలబడింది.

“విదేశీ ల్యాబులో వేసవి పరిశోధనకి ఎంపికయ్యావటగా! మరి ఆ మొహమేంటి తల్లీ?”

పొద్దుటి నుంచి ఎవరికీ చెప్పుకోలేని మాట అప్పుడు బయటికొచ్చింది.

“వాళ్ళ వేసవి డిసెంబర్లో మేడమ్. ఆ దేశం భూమధ్యరేఖకి అవతలుంది. నేనేమో మన వేసవి సెలవుల్లోనే అనుకుని అప్లై చేసేశాను.”

“డిసెంబర్లో నీకు ఫైనల్ పరీక్షలు కదూ?”

“అదే మేడమ్. వెళ్తే ఏడాది పోతుంది.”

“ఎండ మీద చదువు చదువుతూ, ఆ ఎండ ఎప్పుడు ఎక్కడ కాస్తుందో చూసుకోలేదూ?”

“నా అప్లికేషన్ మీద మీరూ చదివే సంతకం పెట్టారుగా మేడమ్.”

మేడమ్ కొంగుతో మొహం తుడుచుకుంది.

“పెట్టాను. ఇద్దరం ఇద్దరమే! సరే, మన సెలవుల్లో వస్తానని వాళ్ళకి రాయి.”

“అప్పుడక్కడ చలికాలం. ఎండే సరిగా ఉండదు, ఏం కొలుస్తాను?”

“ఎండ చాలనప్పుడు ప్యానెల్ ఎంత కరెంటిస్తుందో అది కొలువు. వేసవిలో అయితే అందరూ ఎగబడతారు. చలిలో వచ్చేదాన్ని కాదంటారా?”

“కాదంటే?”

“కాదంటే పరీక్షలు రాసుకుని ఇక్కడే ఉంటావు. అడక్కుండానే చతికిలబడితే ఎలా?”

అమ్మాయి నీరసంగా ఫోన్ తీసి రాయడం మొదలుపెట్టింది.

“స్వెట్టరుందా నీకు?”

“లేదు మేడమ్.”

“నాదిస్తాలే. నీకు వదులవుతుంది, లోపల ఇంకో రెండు చొక్కాలు తొడుక్కో.”