రాగి దీపం

ఓర్హూస్‌లో ఇల్లు మారుతున్న ముసలావిడ భోజనాల బల్ల పైన కప్పు నుంచి వేలాడే పాత రాగి దీపాన్ని ఒక అమ్మాయికి అమ్మేసింది. వారం తిరగకుండానే ఆ అమ్మాయి దాన్ని దుప్పట్లో చుట్టి వెనక్కి పట్టుకొచ్చింది.

"వెలగడం లేదా అమ్మాయీ?"

"వెలుగుతోందండీ. రోజూ సాయంత్రం సరిగ్గా ఆరింటికి ఊగుతోంది, ఎవరో లేస్తూ తల తగిలించుకున్నట్టు."

"మా ఆయన థోర్కిల్! పొడుగు మనిషి. బతికున్నప్పుడూ అంతే, తిని లేచాడంటే దీపానికి తల తగలాల్సిందే. పోయాక కూడా మానలేదు."

"ఇక్కడ ఇల్లు మారేవాళ్ళు దీపాలన్నీ విప్పి వెంట తీసుకెళ్తారు. మీరు దీన్నొక్కదాన్నీ అమ్మినప్పుడే నేను అనుమానపడాల్సింది."

"చెబితే కొనేదానివా? భయపడకమ్మా, అమాయకుడు. కాస్త పైకి కట్టుకో, తగలదు."

"కట్టానండీ. బల్ల తీసేశాను. నిన్నయితే పైకప్పుకి ఆనించి కట్టేశాను. అయినా ఊగింది."

ముసలావిడ నవ్వు ఆగిపోయింది.

"మీ పైకప్పు ఎంత ఎత్తు?"

"పాతకాలపు ఇల్లండీ. మూడు మీటర్ల పైనే."

ముసలావిడ ఆ దుప్పటి మూటను కాలితో మెల్లగా గుమ్మం అవతలికి నెట్టింది.

"మా ఆయన అంత పొడుగు కాదమ్మా."